మూడు గీతలు లేని హౌసింగ్

జూన్ 8, ఆదివారం

టైర్ల కంపెనీ వాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బొంబాయి నాగ్‌పాడాలో నా రిపేరు గాలాలో, అంటే షెడ్డులో, స్పానర్ల డబ్బా కింద పడి ఉంది. మొదటి పేజీ నిండా గ్రీజు. ఇంటికి తెస్తే మయూరి చూసి, ఇప్పుడేం రాస్తావు పప్పా అని నవ్వింది. నా కూతురికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. కామాఠీపురా మునిసిపల్ బడిలో తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా వెలగబెట్టినవాణ్ణి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే. వాళ్ళమ్మ బతికున్నప్పుడు ఆమె చదివేది. ఇప్పుడు నేనేం రాసినా ఇదేంటని అడిగేవాళ్ళు లేరు.

రాయడానికి కారణం ప్రతీక్. వాడితో వాదించి వాదించి నా గొంతు పోయింది. కాగితమైతే ఎదురు మాట్లాడదు.

ప్రతీక్ మా పక్క ఖోలీ, అంటే పక్క గది రత్నాబాయి కొడుకు. ఇరవై ఏడేళ్ళు. రక్త సంబంధం ఏమీ లేదు. వాడికి నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు, ఆ ఏడు నుంచి రత్నాబాయి నాకు రాఖీ కడుతోంది. అట్లా నేను ఆమెకు అన్ననయ్యాను, వాడికి మామనయ్యాను. పోయిన ఏడాది వాడు ఒక పాత అంబులెన్సు కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు బిగించాడు. దాన్ని క్యాంపర్ వ్యాన్ అనాలట. తిరగాలని సరదా ఉన్నవాళ్ళను ఎక్కించుకుని కొంకణ్ ఒడ్డుకో, ఘాట్ల మీదికో తీసుకుపోతాడు. వాళ్ళు అందులోనే వండుకుంటారు, అందులోనే పడుకుంటారు. పేషెంట్లు మూలిగిన బండిలో హనీమూనా అన్నందుకు మయూరి నన్ను కొట్టినంత పని చేసింది. బుకింగులు చూసేది తనే. వాళ్ళిద్దరి సంగతి నాకెవరూ చెప్పలేదు. నాకు కళ్ళున్నాయి.

పోయిన వారం వాడి బండి సముద్రపు ఇసుకలో దిగబడింది. వెనక ఒక చక్రం గిర్రున తిరుగుతూ గుంట తవ్వుకుంటే, రెండోది కదలకుండా కూర్చుంది. చేపలు పట్టే కోలీవాళ్ళు తాడు కట్టి లాగారు. మామూలు డిఫరెన్షియల్ గుణమే అది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. అందుకని ఇరుసు మధ్యలో ఉండే చిన్న గేర్లు రెంటినీ దేని దారిన దాన్ని వదిలేస్తాయి. రోడ్డు మీద అట్లాగే ఉండాలి. ఇసుకలో మాత్రం బలమంతా జారే చక్రానికే పోతుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఏది అన్నదే మా తగువు.

జూన్ 11, బుధవారం

వాడికి లాకర్ కావాలి. ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చాడు. బటన్ నొక్కితే రెండు వెనక చక్రాలూ ఒకటై తిరుగుతాయి, ఎంత బురదలోనైనా బండి ఎక్కుతుంది. నిజమే. కానీ రోడ్డు ఎక్కాక ఆ బటన్ తీసేయాలి. తీయకుండా మలుపు తిప్పితే లోపలి చక్రం ఈడ్చుకుపోతుంది, బండి తిరగనంటుంది. తడి రోడ్డయితే తోక జారుతుంది.

నేను చెప్పేది లిమిటెడ్ స్లిప్. అందులో ప్లేట్లు ఉంటాయి. ఒక చక్రం జారబోతే అవే పట్టుకుని కొంత బలాన్ని రెండోదానికి పంపుతాయి, మలుపులో వాటంతటవే వదులుతాయి. డ్రైవరు చేయాల్సింది ఏమీ లేదు.

"లిమిటెడ్ స్లిప్ అంటే ఆధా కామ్ మామ," అన్నాడు. "లాకర్ పక్కా ఉంటది. బటన్ దబాయిస్తే ఏక్‌దమ్ సీదా బయటికొస్తది."

"బటన్ తీసుడు యాది మరిస్తే సీదా పైకి పోతది," అన్నాను.

నవ్వాడు. మనిషి మరిచిపోతాడు, ఇనుము మరిచిపోదు అని చెప్పాను. ముప్పై నాలుగేళ్ళు ఇరుసులు విప్పినవాడి మాట అది. వాడి దగ్గర ఫోన్ తప్ప ఏముంది?

జూన్ 12, గురువారం

లిమిటెడ్ స్లిప్పే. ఖరారు.

జూన్ 17, మంగళవారం

రత్నాబాయి గాలాకు వచ్చింది. ఆమె పనిచేసే దవాఖానా గ్రాంట్ రోడ్ స్టేషన్ పక్కనే, ఇటువైపు రావడం తక్కువ. రెంటిలో ఏది భద్రం అన్నా అని అడిగింది. చెప్పాను. ఆమెకు సగం అర్థమైంది. సగం అర్థమైనా చాలనుకుని లేచింది. నా చేతికి వదిలెయ్ అన్నాను.

పోయేముందు బల్ల మీదున్న ఒక హౌసింగ్ ముందు ఆగింది. ఇరుసు మధ్యలో గేర్లను దాచే గుండ్రటి ఇనుప గుల్లను హౌసింగ్ అంటాం. దాని మీద నా మూడు గీతలను వేలితో తడిమింది. నిలువుగా మూడు, మధ్యది పొట్టి. మా తాత పాలమూరు నుంచి బొంబాయికి రాళ్ళు కొట్టడానికి వచ్చాడు. ఏ రాయి ఎవరు చెక్కారో మేస్త్రీకి తెలియాలని కామాఠీలు ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు కొట్టేవాళ్ళు. మా తాతది ఇది. రాయి పోయి ఇనుము వచ్చింది, ఉలి మాత్రం అదే. నేను బిగించిన ప్రతి హౌసింగ్ మీదా కొడతాను. గీతలున్న పని తిరిగొస్తే ఎప్పుడైనా సరే ఊరికే చేసిస్తాను. మా చాల్‌లో, ఈ వరస గదుల భవనంలో, అందరికీ తెలుసు. రత్నాబాయి మామగారి గుర్తు ఒక సున్నా, దాంట్లో చుక్క. అది ఆమె పెళ్ళయి వచ్చేసరికే ఆగిపోయింది.

జూన్ 24, మంగళవారం

దొరికింది. ముక్కలు చేస్తున్న ఒక పాత బండిలోంచి, సరిగ్గా ఈ ఇరుసుకు పట్టే లిమిటెడ్ స్లిప్. తుక్కు వ్యాపారి తుకారాం పక్కన పెట్టి ఉంచాడు. ప్రతీక్‌కు చూపించి, నీ లాకర్ ఓడలో రావడానికి రెండు నెలలు పట్టేది, మామ వారంలో తెచ్చాడు అన్నాను. చాల్ మెట్ల మీద నలుగురి ముందూ అన్నాను. వాడు నా కాళ్ళు మొక్కినట్టు నటించాడు. మయూరి వీడియో తీసింది.

జూన్ 30, సోమవారం

విప్పాను. ప్లేట్లు నల్లగా మాడి ఉన్నాయి. వేలితో గీస్తే పొడి రాలింది. పై నుంచి ఎంత బాగుందో లోపల అంత చెత్త.

కొత్త ప్లేట్లు జూలై ఇరవై రెండుకు గానీ రావట. ప్రతీక్ మొదటి పెద్ద ట్రిప్పు ఐదో తేదీన. నలుగురు కాలేజీ పిల్లలు, సముద్రం ఒడ్డు, మళ్ళీ అదే ఇసుక. వాడు మధ్యాహ్నం ఫోన్ చేస్తే పని నడుస్తోందని చెప్పాను.

జూలై 2, బుధవారం

పని అయింది. గీతలు వేయడం మరిచాను.

జూలై 3, గురువారం

బండి తీసుకుపోయాడు. జాకీ పెట్టి చూద్దాం మామ అన్నాడు. ఆ పరీక్ష వాడికి నేర్పింది నేనే. ఒక వెనక చక్రాన్ని నేల మీద ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పాలి. మామూలుదైతే ఊరికే తిరుగుతుంది. లిమిటెడ్ స్లిప్ అయితే మూలుగుతూ తిరుగుతుంది. లాక్ అయి ఉంటే ఎంత బలం పెట్టినా తిరగదు.

నా చేతి పని మీద నమ్మకం లేదా అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. వాడు రెండు చెవులూ పట్టుకుని, మాఫ్ చెయ్ మామ అన్నాడు.

సందు మలుపులో లోపలి టైరు కీచుమంది. ఆపి తల బయట పెట్టాడు. కొత్త ప్లేట్లు, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది అని చెప్పాను. సర్దుకోవచ్చు కూడా.

జూలై 6, ఆదివారం

మయూరి ఫోటోలు చూపించింది. బండి ఇసుక మీద నిలబడి ఉంది, వెనక అలలు. ఒక్కసారి కూడా దిగబడలేదట. మామ జిందాబాద్ అని రాసి పంపాడు. నేను చెప్పలేదా?

జూలై 13, ఆదివారం

వాన ఆగటం లేదు. వెనక టైర్లు లోపలి అంచున అరిగిపోతున్నాయని మయూరి అంది. అలైన్‌మెంట్ చూస్తాను అన్నాను.

ప్లేట్లు ఇరవై రెండుకు వస్తాయి. రాగానే నూనె మార్చాలని చెప్పి బండి పిలిపిస్తాను. ఒక్క పూట పని. ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ఇంకా తొమ్మిది రోజులు.

జూలై 16, బుధవారం

పందొమ్మిదిన ఘాట్ ట్రిప్పట. స్వప్నిల్, సీమా అని మొగుడూ పెళ్ళాం, పెళ్ళయి ఏడాది. వానాకాలంలో జలపాతాలు చూడాలట. వానలో ఘాట్ ఎందుకు, నాలుగు రోజులు ఆగండి అన్నాను. ప్రతీక్ నవ్వి, వాన కోసమే కదా మామ వాళ్ళు వచ్చేది అన్నాడు. నేను ఇంకో మాట అనలేదు. అనాల్సింది.

జూలై 20, ఆదివారం

ప్రతీక్ లేడు.

జూలై 21, సోమవారం

శనివారం సాయంత్రం నాలుగింటికి, ఘాట్ దిగేటప్పుడు. మలుపులో బండి వెనక భాగం జారింది, అడ్డగోడ పగిలింది, కింద చెట్లలో పడింది. ప్రతీక్, స్వప్నిల్ అక్కడే పోయారు. సీమాకు నడుం ఎముక విరిగింది, పుణె ఆసుపత్రిలో ఉంది.

నేను పాడె ముందు వైపు పట్టుకున్నాను. సందు మలుపులో, బండి కీచుమన్న చోటే, కాలు జారబోయింది. వెనకవాళ్ళు పట్టుకున్నారు.

జూలై 23, బుధవారం

పోలీసులు అతివేగం అని రాశారు. ఆర్టీఓ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి బ్రేకులు చూశాడు, స్టీరింగ్ చూశాడు, టైర్లు చూశాడు. అన్నీ సరిగా ఉన్నాయట. వెనక టైర్లు కొంచెం అరిగాయట. ఇరుసు విప్పలేదు. ఎవరు విప్పుతారు?

ఆ రోజు ఘాట్‌లో వాన ఎట్లా ఉందో నేను చూడలేదు. రోడ్డు మీద బురద ఉండి ఉంటుంది. లారీల నూనె ఉండి ఉంటుంది. వాడు కొంచెం వేగంగానే నడుపుతాడు, రత్నాబాయి కూడా తిట్టేది. ఆ ఘాట్‌లో ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండ్లు పడలేదా? పడ్డాయి. ఎన్నో పడ్డాయి.

ప్లేట్లు నిన్న వచ్చాయి. డబ్బా విప్పలేదు.

జూలై 26, శనివారం

మయూరి నా ఎదురుగా కూర్చుంది. వారం రోజులుగా తిండి లేదు, మొహం ఇంతయింది. ఏడవలేదు. అడిగింది.

"పప్పా, మోడ్ మీద టైర్ ఎందుకు చిల్లాయిస్తుండె?"

మలుపులో ఆ కీచుకు కారణం కొత్త ప్లేట్లే అన్నాను.

"ప్రతీక్ కూడా అదే అన్నడు. మామ చెప్పిండు, వెయ్యి కిలోమీటర్లు అన్నడు. వెయ్యి అయిపోయినయ్ పప్పా. నేను మీటర్ చూసిన."

తల తిప్పుకున్నాను. తను లేచి గ్యాలరీలోకి పోయింది.

ఇక్కడ రాస్తాను. ఇక్కడైనా రాయాలి. అందులో ప్లేట్లు లేవు. పాత చిన్న గేర్లనే ఒకదానికొకటి వెల్డింగ్ కొట్టి ముద్ద చేశాను. అది లాకర్ కన్నా అన్యాయం. లాకర్‌కు బటన్ ఉంటుంది, దీనికి లేదు. ఎప్పటికీ లాకే. ఇసుకలో ఏనుగులా లాగుతుంది. తడి మలుపులో డ్రైవరు ఎంత మంచివాడైనా తోక జారిపోతుంది. నాగ్‌పాడాలో కొందరు చేస్తారు ఈ పని. చేసినవాళ్ళను నేనే తిట్టేవాణ్ణి, కసాయి పని అని. ఆ రోజు షట్టరు సగం దించుకుని అదే పని చేశాను.

పాతది ఉన్నట్టే బిగించి, నా వల్ల కాలేదురా ప్రతీక్ అంటే సరిపోయేది. వాడు మెట్ల మీద నన్ను రెండు రోజులు ఏడిపించేవాడు. అంతే కదా. ఆ రెండు రోజుల నవ్వు పడలేకపోయాను. లాక్ అయిన ఇరుసు మీద వాడు లిమిటెడ్ స్లిప్ అనుకుని ఘాట్ దిగాడు. తెలిసి ఉంటే ఆ మలుపులో నడిచినంత మెల్లగా పోయేవాడు. అసలు పోయేవాడే కాదు.

జూలై 27, ఆదివారం

గీతలు మరిచానని రాశాను రెండో తేదీన. ఇప్పుడు చూశాను.

జూలై 31, గురువారం

పదమూడో రోజు. దాదర్ నుంచి అయ్యవారు వచ్చాడు. చాల్‌లో నలభై గడపలుంటే పదిమంది వచ్చారు. బండిలో బీరు సీసాలు దొరికాయని మాట పుట్టింది. సీసాలు ఆ మొగుడూ పెళ్ళాలవి, మయూరికి తెలుసు, ఎవరు వింటారు? ప్రతీక్ కంఠంలో చుక్క పడగా నేనెప్పుడూ చూడలేదు.

విస్తళ్ళు ఎత్తే వేళకు సీమా అన్న మహేష్ వచ్చాడు. అరవలేదు. వాకిట్లో నిలబడి రత్నాబాయితో మరాఠీలో మెల్లగా చెప్పాడు. మా చెల్లెలు ఇంకెప్పుడు లేచి నడుస్తుందో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు, మొగుడు పోయాడని దానికి ఇంకా చెప్పలేదు, నీ కొడుకు మా ఇంటిని ముంచిపోయాడు అన్నాడు. రత్నాబాయి చేతులు జోడించి, మాఫ్ కరా బాబా, మాఫ్ కరా అంటూనే ఉంది. అతను వెళ్ళిపోయాక కూడా అంటూనే ఉంది.

నేను ఆమె వెనక నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో నీళ్ళ బిందె ఉంది. దాన్ని కింద పెట్టి ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఆగస్టు 3, ఆదివారం

రాశాను కదా. ఉన్నదున్నట్టు రాశాను. ఇందులో అబద్ధం లేదు.

చెబితే ప్రతీక్ తిరిగొస్తాడా? స్వప్నిల్ వస్తాడా? నేను జైలుకు పోతే మయూరికి ఎవరున్నారు? రత్నాబాయికి మాత్రం నేను తప్ప ఎవరున్నారు, రేషను తెచ్చేది నేను, దవాఖానాకు తోడు పోయేది నేను. నేను బయట ఉండటమే ఆమెకు మేలు.

ఆగస్టు 4, సోమవారం

పై మాటలు మళ్ళీ చదివాను. సిగ్గుగా ఉంది. ఈ చాల్‌లో ఎవరూ చదవలేని లిపిలో రాసి పెట్టుకుని ఒప్పుకున్నానని అనుకుంటున్నాను.

ఆగస్టు 9, శనివారం

రాఖీ పౌర్ణమి. సూతకపు ఏడాది, పండుగలు లేవు. రాదనుకున్నాను. రాకూడదనీ మొక్కుకున్నాను.

పొద్దున నల్లా నీళ్ళు ఆగిపోయాక వచ్చింది. పళ్ళెం లేదు, మిఠాయి లేదు, బొట్టు లేదు. చేతిలో ఒట్టి పసుపు దారం.

"పండుగ కాదన్నా ఇది," అంది. "పోరడు పోయిండు. ఇగ నాకు నువ్వే ఉన్నవు. కట్టనియ్యి."

చెయ్యి చాపాను. చాపకుండా ఏం చెప్పగలను? ఆమె చేతికి ముడి పడలేదు. మయూరి వచ్చి ముడి వేసింది. వేస్తూ నా మొహంలోకి చూసింది. నా కూతురికి తెలుసు. ఎంత తెలుసో తెలియదు, కానీ తెలుసు.

ఆగస్టు 11, సోమవారం

బండిని విడిచిపెడతారట. రిజిస్ట్రేషన్ రత్నాబాయి పేరు మీద ఉంది. బుధవారం ఘాట్ కింది పోలీసు ఠాణాకు పోయి సంతకం పెట్టాలి. నువ్వు రావాలన్నా అంది.

మధ్యాహ్నం తుకారాంకు ఫోన్ చేశాను. లారీ అక్కడికే తెస్తాడు, బండి మొత్తం ఎత్తుకుపోతాడు. ఇరుసు ముందు కొలిమికి పంపుతావా అని అడిగాను. ఎందుకన్నా అంత తొందర అన్నాడు. ఆమె దాన్ని మళ్ళీ చూడకూడదు, తట్టుకోలేదు అన్నాను. ఎంత సులభంగా వచ్చింది ఆ మాట. రెండు రోజుల్లో కరిగిపోతుంది.

ఆగస్టు 14, గురువారం

నిన్నటిది రాయాలి.

రైల్లో ముగ్గురం పోయాం, నేను, రత్నాబాయి, మయూరి. నా సంచిలో జాకీ, స్పానర్లు, ఉలి, సుత్తి. ఎక్కడికి పోయినా నాతో ఉండే సంచే. ఠాణా వెనక ఖాళీ జాగాలో గడ్డి మధ్య ఉంది బండి. ముందు భాగం లేదు. వెనక భాగం మాత్రం దాదాపు బాగుంది, రెండు చక్రాలతో. పొయ్యి గోడకు వేలాడుతోంది. మయూరి దాని దగ్గరికి పోలేదు.

తుకారాం లారీ ఇంకా రాలేదు. హవల్దార్ కుర్చీ తెచ్చుకుని నీడలో కూర్చున్నాడు. రత్నాబాయి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తిరిగి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, ఆ జాకీ పెట్టి చూసే ముచ్చట ఒకటి చెప్తుండె ప్రతీక్. చక్రం తిప్పితే లోపల ఎట్లుందో తెలుస్తదని. ఒక్కసారి చూడు. వాని తప్పో, బండి తప్పో, నువ్వు చెప్తే నమ్ముతా. వేరేవాళ్ళు చెప్తే నమ్మ."

ఇప్పుడెందుకులే అనొచ్చు. బండి దెబ్బతింది, ఏమీ తెలియదు అనొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. కానీ నా చేతులు జాకీ తీశాయి. ఎందుకో చెప్పలేను. ముప్పై నాలుగేళ్ళుగా ఎవరైనా చూడమంటే చూడటమే వాటికి తెలుసు.

ఎడమ చక్రం లేపాను. కుడిది నేల మీదే ఉంది. గేరు వైపు నుంచి వచ్చే షాఫ్టు అప్పటికే విరిగి ఊడిపోయి ఉంది, ఇంక దాని అడ్డు లేదు. తిప్పు అన్నాను ఆమెతో. రత్నాబాయి కొంగు దోపుకుని రెండు చేతులతో టైరు పట్టుకుంది. లాగింది. మోకాలు ఆనించి లాగింది. మెడ నరాలు ఉబ్బాయి. చక్రం ఇంత కూడా కదల్లేదు. పెద్ద స్పానరు అడ్డం పెట్టి నేను లాగాను. కదల్లేదు. కదలదని నాకు తెలుసు, అయినా కదిలితే బాగుండునని లాగాను.

"తిరుగుత లేదు," అంది.

తర్వాత ఆమె చేసింది నేను అనుకోనిది. వంగి, బండి కిందికి చెయ్యి పెట్టి, హౌసింగ్ మీది బురదను కొంగుతో తుడిచింది. వేలితో తడిమింది. ఇంకోవైపు తడిమింది. లేచి నిలబడేసరికి ఆమె మొహంలో వెలుగొచ్చింది, నెల రోజుల తర్వాత.

"గీతలు లేవు అన్నా. ఇది నీ చేతిది కాదు. మధ్యల ఎవడో విప్పి ఏందో చేసిండు."

హవల్దార్‌ను పిలిచి మరాఠీలో గబగబా చెప్పింది. మా అన్న ప్రతి పని మీదా గుర్తు కొడతాడు, ఇది ఆయన పని కాదు, ఎవరో దొంగ మెకానిక్ నా కొడుకును మోసం చేశాడు, రాసుకోండి సాహెబ్ అంది. హవల్దార్ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. నిజమేనా అని నన్ను అడిగాడు.

అంతే. తల ఊపితే చాలు. ప్రతీక్ మీది మచ్చ పోతుంది, నా మీద పడదు. పేరు లేని ఎవడో దొంగ మెకానిక్. ఆమె తన చేతులతో నాకు తలుపు తెరిచి పెట్టింది. ఆ ఒక్క క్షణం నేను ఆ తలుపు వైపే చూశాను. అబద్ధం రాయను, చూశాను.

మయూరి నా వైపు చూస్తోంది.

గీతలు నేను మరిచిపోలేదు. జూలై రెండున ఉలి చేతిలో పట్టుకుని ఆ హౌసింగ్ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఈ పని మీద తాత గుర్తు వేయడానికి చెయ్యి రాలేదు. ఉలి డబ్బాలో పెట్టేశాను. ప్రతీక్ జాకీ అడగకముందే, ఘాట్‌లో వాన పడకముందే, ఇది తప్పని నాకు తెలుసు.

సంచిలోంచి ఉలి తీశాను. గడ్డిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాను. మూడు గీతలు కొట్టాను, మధ్యది పొట్టి. ఏం చేస్తున్నావని హవల్దార్ అరిచాడు. నా కాలు పట్టి బయటికి లాగాడు. లేచి రత్నాబాయి ముందు నిలబడ్డాను.

"నాదే చెల్లె. నేనే వెల్డింగ్ కొట్టిన. ప్లేట్లు మంచిగ లేకుండె. చెప్పనీకి మొహం రాలే."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. హౌసింగ్ వైపు చూసింది, నా చేతిలో ఉలి వైపు చూసింది.

"వానికి తెల్వదా?"

"తెల్వదు. వాని తప్పు ఏం లేదు."

"జాకీ పెడ్తానంటే నువ్వే వద్దన్నవట. నాకు చెప్పిండు వాడు. నవ్వుకుంట చెప్పిండు. మామకు కోపం వచ్చిందమ్మా అని."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఏడవలేదు. పోయి ఠాణా మెట్ల మీద కూర్చుంది.

హౌసింగ్ వాళ్ళ ముందే విప్పాను. ముద్దగా అతుక్కున్న గేర్లు ఎండలో పడ్డాయి. హవల్దార్ లోపలికి పోయి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. తుకారాం లారీ వచ్చి, ఖాళీగా తిరిగిపోయింది.

వాంగ్మూలం మరాఠీలో రాయాలి. నాకు మాట్లాడటం వచ్చు, రాయటం రాదు. మయూరి రాసింది. నేను తెలుగులో చెబుతుంటే తను మరాఠీలో రాసింది. కొత్త ప్లేట్లు అని అబద్ధం చెప్పాను అన్న చోట పెన్ను ఆపింది. చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది. ప్రతీక్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ అక్షరాలు పెద్దగా రాసింది. మహేష్‌కు కబురు చేయాలి, సీమాకు తెలియాలి అని కూడా రాయించాను. సంతకం కింద మూడు గీతలు గీశాను. అదేంటని అడిగారు. మా ఇంటి గుర్తు అన్నాను.

తర్వాత రత్నాబాయిని లోపలికి పిలిచారు. ఆమె వాంగ్మూలం కూడా కావాలట. పేరు, వయసు, ఊరు రాసుకున్నాక, నా వైపు పెన్ను చూపించి, ఈయన నీకేమవుతాడు అని అడిగారు.

రత్నాబాయి నా వైపు చూసింది. నా మణికట్టుకు పసుపు దారం అట్లాగే ఉంది, గ్రీజు అంటి నల్లబడింది. దాన్ని చూసింది.

"కోణీ నాహీ," అంది. ఎవరూ కాదు. "పక్క ఖోలీలో ఉంటాడు."

రాసేవాడు అదే రాసుకున్నాడు.